రెండు పొరల రాయి

పోయిన నెల మా గడప ముందు కొత్త బండ వేయించాను. మేస్త్రీ బండ మీద నీళ్లు చల్లి, ఇంకో రాతి ముక్కతో రుద్దుతుంటే బూడిదరంగు పాలు పైకి తేలాయి. నేను వంగి ఆ బండ మీద నోటి ఆవిరి ఊది, వాసన చూశాను. తొలివానకు తడిసిన మట్టి వాసన వచ్చింది. మేస్త్రీ చెయ్యి ఆపి, ఇంట్లోకి తిరిగి, "అమ్మా, సారు బండను వాసన చూస్తుండు, జర చూసుకోండ్రి" అని మా ఇంటామెకు చెప్పాడు.

ఈ అలవాటు నాకు ఒక మనిషి దగ్గర అంటుకుంది. ఆయన పోయి చాలా ఏండ్లయింది. నిర్మల్‌లో మంగలి. పేరు రాయను. ఊళ్లో కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువే. నాకు మామ. మాకు చుట్టరికం ఏమీ లేదు. మాది పద్మశాలి ఇల్లు, ఆయనది మంగలి ఇల్లు, ఉన్నది ఒకే గల్లీలో. గల్లీ కలిపిన వరస అది. అల్లుడినయ్యాను కాబట్టి నన్ను ఎన్ని మాటలైనా అనే హక్కు తనకుందని ఆయన నమ్మకం.

ఆయన దుకాణం గ్రంథాలయానికి ఎదురుగా ఉండేది. నా బడి చదువు ఉర్దూలో, అదీ నడుమనే ఆగింది. తెలుగు చదవడం ఆ గ్రంథాలయంలోనే, ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను. పొద్దంతా మగ్గం, సాయంత్రం పుస్తకం. అక్కడి బీరువాల్లో నేను ముట్టని పుస్తకం లేదని అప్పుడు చెప్పుకునేవాడిని, ఇప్పటికీ చెప్పుకుంటాను. గ్రంథాలయం తలుపు తీసేదాకా మామ దుకాణంలో బల్ల మీద కూర్చుని, గడ్డాలకు వచ్చినవాళ్లకు పత్రిక చదివి వినిపించేవాడిని. "అల్లుడు పేపరు చదివితే గడ్డం మెత్తవడ్తది, సబ్బు ఎక్కువ వట్టది" అనేవాడు మామ.

ఆ దుకాణంలో అద్దం ఒకటే, చిన్నది. మిగతా గోడంతా చెక్కల మీద రాళ్లు. గోదావరి ఒడ్డు నుంచి, కడెం వాగు నుంచి, పెన్‌గంగ నుంచి, ఉట్నూర్ గుట్టల నుంచి వచ్చిన రాళ్లు. అన్నీ కత్తి నూరుకునే రాళ్లేనని ఆయన అనేవాడు, కొన్ని మాత్రం చూస్తే ఇంటి పునాదిలోకి పోవలసినవి దారి తప్పినట్టు ఉండేవి. ఒక్కొక్క రాయికీ తెచ్చినవాళ్ల పేరే. గార్డు రాయి, డ్రైవరు రాయి, పట్వారి బావమరిది రాయి. అడవిలోకి పోయే జీపు ఏది దుకాణం ముందు ఆగినా మామ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. "వాగు దగ్గర పలకలెక్క నల్లగ, నున్నగ ఏమన్న కనవడ్తె జర జేబులేసుకో. నీ గడ్డం బాధ్యత నాది."

తెచ్చిన రాయిని ఆయన పరీక్షించే తీరు చూడడానికే కొందరు వచ్చేవాళ్లు. మొదట గోరుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత ఊది వాసన. ఆ తర్వాత నాలుక కొనతో తాకేవాడు. చివరికి ఒక నీటిబొట్టు వేసి, అది ఇంకుతుందా నిలుస్తుందా అని చూస్తూ కూర్చునేవాడు. అప్పుడు కుర్చీలో సగం గడ్డంతో ఎవరున్నా సరే, ఆగాల్సిందే.

"రాయి నీళ్లు తాగొద్దు అల్లుడా. పాలియ్యాలె. నీళ్లు తాగేది మొద్దు రాయి, పాలిచ్చేది పనికొచ్చే రాయి."

ఒకసారి బస్సు డ్రైవరు ఒకడు ఇటుక ముక్కను కాగితంలో చుట్టి, పెన్‌గంగ అడుగు నుంచి తీసిన రాయని ఇచ్చాడు. దుకాణంలో అందరూ నవ్వు ఆపుకుంటున్నారు. మామ తొందరపడలేదు. గోరుతో కొట్టాడు, ఊదాడు, నాలుకతో తాకాడు. "మంచిగనే కాలింది. మీ ఇంటి గోడకు ఇంకోటి తక్కువుండె గద, తీస్కపో" అని తిరిగి ఇచ్చాడు. ఆ డ్రైవరుకు ఆ పొద్దు గడ్డం మీద నురగ చాలాసేపు ఎండింది.

కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లు ఉలులు పట్టుకుని వచ్చి, ఒక్కసారి నీ రాయి మీద రుద్దుకుంటామని బతిమాలేవాళ్లు. ఒప్పుకునేవాడు కాదు. ఉలి పెడితే రాయికి గుంత పడుతుందని, గుంత పడిన రాయి మీద కత్తి ఊగుతుందని ఆయన భయం. భార్య కూరగాయల కత్తికీ అదే జవాబు. "నేనేమన్న పగోళ్ల ఇంటి నుంచి వచ్చిన్నా?" అని ఆమె నీళ్ల బిందె చంకన పెట్టుకుని అడిగేది. "పగోళ్లయితే భయమే లేకుండె. వాళ్లు అడగరు గద" అనేవాడు.

గోడ మీది రాళ్లన్నీ నల్లవే ఎందుకో నాకు చాలా రోజులు తెలియలేదు. ఎవరైనా తెల్లది తెస్తే ఆయన చూడకుండానే వద్దనేవాడు. ఒకరోజు అడిగాను. ఆయన తోలుపట్టీ మీద కత్తి తిప్పుతూ విననట్టే ఉన్నాడు. బదులు ఆయన భార్య చెప్పింది. "నల్లది ఇచ్చోడల ఉన్నది. దాని జోడు దొరికితే ఇచ్చోడకు పోయే పని ఉండదని గీ తిప్పలు."

ఇచ్చోడలో ఉన్నది ఆయన అన్న.

వాళ్ల బాపు దగ్గర ఒక రాయి ఉండేదట. ముత్తాతల నాటిది. ఒక ముఖం నల్లది, ఇంకో ముఖం మీగడ రంగుది, పుట్టుకతోనే రెండూ అతుక్కుని ఉన్న రాయి. బాపు మొద్దువారిన కత్తిని నల్లదాని మీద ఎత్తేవాడు, అంటే అంచు తెచ్చేవాడు. తర్వాత రాయిని బోర్లించి, అదే కత్తిని తెల్లదాని మీద పాలతో నున్నగా ముగించేవాడు. బాపు పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. గిన్నెలు పంచారు, కత్తులు పంచారు, గడ్డాలు గీసే ఊరి ఇండ్లు పంచారు. చివరికి రాయి మిగిలింది. కులపెద్దలు కూర్చున్నారు. అడ్డంగా కోస్తే ఇద్దరికీ రెండు రంగులూ వస్తాయి కానీ, ముక్క పొట్టిదైపోయి కత్తి పొడుగు ఆనదు. కత్తి ఆనని రాయి ఎవరికీ పనికి రాదు. అందుకని పెద్దలు న్యాయం ఆలోచించి, పొర వెంబడి చీల్చమన్నారు. ఇద్దరికీ నిండు పొడుగు, నిండు వెడల్పు. రాళ్లు కొట్టేవాడు పలుచని ఉలి పెట్టి తట్టితే పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోయిందట.

పెద్దవాడు ముందు ఏరుకోవాలి. నల్లది మందంగా ఉందని ఆయన నల్లది తీసుకున్నాడు. అవ్వను, అంటే కన్నతల్లిని కూడా తీసుకుని ఇచ్చోడకు పోయాడు. అప్పటినుంచి మాటలు లేవు.

"బరువు చూసి ఏరుకున్నడు అల్లుడా" అన్నాడు మామ, ఆమె లోపలికి పోయాక. "నాకు మిగిలింది అప్పడమంత పల్చది. మొద్దుకత్తిని దీని మీద ఎత్తాల్నంటె ఒక పొద్దు వడ్తది. అంచు వచ్చేలోపల నా పానం వోతది. వచ్చినంక మాత్రం నీ చెంపకే ఎర్క."

నిజమే. ఆయన కత్తి చెంప మీద ఉందో లేదో తెలిసేది కాదు. కానీ ఆ కత్తి వెనుక ఆయన వేకువ నుంచి కూర్చున్న కూర్చునుడు ఉండేది. తడిగుడ్డ మీద రాయి, రాయి మీద కత్తి, ముందుకు ఒక తోపు, వెన్ను మీద తిప్పి వెనక్కి ఒక లాగు. భుజం పట్టేసిన రోజుల్లో ఎడమ చేతితో కుడి మోచేతిని మోసేవాడు. ఊళ్లో కుర్రవాళ్లు ఇంట్లోనే బ్లేడుతో గీసుకోవడం మొదలుపెట్టారు, కానీ ఆయన దిగులు బ్లేడు గురించి కాదు. అన్నను అడగకుండా నల్లరాయి సంపాదించాలి. ఒక్కటి. గోడ నిండింది, అది మాత్రం దొరకలేదు.

ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో రాళ్ల గురించిన పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని రెండు సాయంత్రాలు వదలకుండా చదివి, రోడ్డు దాటి పరుగెత్తాను.

"మామా, నీ రాయి ఒకప్పుడు బురద."

"నా రాయి బురదనా? మీ గ్రంథాలయం గోడ ఏంది మరి, బెల్లమా?"

"నిజంగానే. నీళ్ల అడుగున బురద పేరుకుని, మీద బరువుపడి రాయయింది. ముందు ఒక రకం బురద దిగింది, అది నల్ల పొర. చాలా కాలానికి ఇంకో రకం, ఇంకా మెత్తటిది దిగింది, అది తెల్ల పొర."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "రెండు బురదలు ఒక్క నీళ్లల్లనేనా?"

"ఒక్క నీళ్లే."

రాయిని చేతిలోకి తీసుకుని చూశాడు. "పుస్తకంల మా అన్న సంగతి ఏమన్న ఉన్నదా?"

"లేదు."

"మరి అరకొర పుస్తకమే అది" అని మళ్లీ నూరుకోవడం మొదలుపెట్టాడు.

మా సంఘం నేసిన ధోతులు, చీరెలు పట్టుకుని నేను ఇచ్చోడ అంగడికి పోతుండేవాడిని. ఆసారి పని ముగించుకుని, కావాలనే ఆ పెద్దాయన దుకాణం వెతుక్కుంటూ పోయి గడ్డానికి కూర్చున్నాను. మనిషి మామ లాగే ఉన్నాడు, మాటే తక్కువ. కత్తి చురుగ్గా తెగింది. కానీ గీసిన చోటల్లా మిరప్పొడి రాసినట్టు మంట.

"మండుతున్నదా?" అన్నాడు ఆయనే. "అందరికీ మండుతది. మంచి రాయి నా తమ్ముడు ఎత్కపోయిండు. తెల్లది."

"ముందు ఏరుకున్నది మీరే అని విన్న."

"ఏరుకున్న. మందం చూసి మోసపోయిన. వానికెర్క తెల్లది ఎంత గట్టిదో. అన్నా గది కాదు, ఇది తీస్కో అని ఒక్క మాట అన్నడా? అనలే. సప్పుడు చెయ్యక చంకల వెట్టుకున్నడు."

పటిక రాసుకుంటూ గోడ వైపు చూశాను. చెక్క మీద రాళ్లు. మామ దగ్గర ఉన్నన్ని లేవు కానీ, ఉన్నవన్నీ తెల్లవి, పచ్చనివి, మీగడ రంగువి. నాకు నవ్వు వచ్చింది. కత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది కాబట్టి నవ్వలేదు.

అరుగు మీద కుక్కి మంచంలో ముసలమ్మ. నిర్మల్ నుంచి వచ్చానని విని దగ్గరికి పిలిచింది. చిన్నోడు మంచిగున్నడా అని అడిగింది. ఉన్నాడన్నాను. చెయ్యి చాచి నా చెంప తడిమింది. "పెద్దోడు గీస్తె గిట్లుంటది. చిన్నోడు గీస్తె ఎట్లుంటది బిడ్డా?" అంది. పెద్దాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "నున్నగుంటది అవ్వా. కాని చానసేపు వడ్తది" అన్నాను. ఆమె చెయ్యి తీయకుండా, "నేను సచ్చేలోపల వాళ్ల బాపు గీసిన గడ్డం ఒక్కటి మల్ల చెయ్యివెట్టి చూడాల్నని ఉన్నది" అంది. గుమ్మంలో మనిషి లోపలికి పోయాడు.

తిరిగి వచ్చి అంతా చెప్పాను. మామ ఒక్కటే అడిగాడు. "తెల్లవి ఏరుతుండా?"

"తెల్లవే."

"పిచ్చోడు. తెల్లది వాగులల్ల దొరకది." తోలుపట్టీ అందుకుని కత్తిని చాలాసేపు తిప్పాడు. అవ్వ అన్న మాట కూడా చెప్పాను. పండుగ దాటాక పోతానన్నాడు. తర్వాత నాట్లు దాటాక అన్నాడు. వానలు మొదలయ్యాయి. ఇచ్చోడ నుంచి బస్సు కండక్టరు కబురు తెచ్చాడు, అవ్వ పోయిందని.

దినాల నాటికి మా మగ్గం మీది బట్ట పట్టుకుని నేనూ పోయాను. ఆ రోజు కొడుకులకు తలలు గీయాలి. మంగలి ఇంట్లో చావు అయితే ఇంకో ఊరి మంగలి వచ్చి గీయాలని వాళ్ల కట్టుబాటు. ఆ రావలసిన మనిషి కడెం వాగు అవతల ఉన్నాడు. వాగు పొర్లుతున్నది. మధ్యాహ్నం దాకా చూశారు. రాలేదు. పొద్దు వాలకముందు కార్యం ముగియాలి. కులపెద్ద చేతులు కట్టుకుని అన్నాడు, "ఇగ మీరిద్దరే ఒకళ్లది ఒకళ్లు గీసుకోవాలె. వేరే తొవ్వ లేదు."

బాయి దగ్గర, వాన ఆగిన గెరువులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ముందు పెద్దకొడుకు తల. గీయవలసింది మామ. ఆయన కత్తుల పొది విప్పి కత్తి తీసి మణికట్టు వెంట్రుకల మీద పెట్టి చూశాడు. తెగలేదు. కబురు రాగానే పరుగున వచ్చిన మనిషి, మైల రోజుల్లో నూరుకోలేదు. తెల్లరాయి మీద ఆ మొద్దును ఎత్తాలంటే పొద్దు గూకుతుంది. ఆయన మళ్లీ చూశాడు. మళ్లీ తెగలేదు. చుట్టూ ఉన్నవాళ్లకూ అది కనిపించింది.

పెద్దాయన తల వంచుకునే చెయ్యి చాచాడు. "ఇటు తే."

కత్తి తీసుకుని, తన పొదిలోంచి నల్లరాయి తీసి, బాయి నీళ్లు చల్లి నూరాడు. ఆ రాయి కత్తిని కొరుకుతున్న చప్పుడు గరగరా వినిపించింది. బీడీ ఒకటి కాలేంతలో అంచు వచ్చింది. తిరిగి ఇచ్చాడు. మామ దాన్ని అన్న తల మీద పెట్టబోయి ఆగాడు. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి తెల్లరాయి తీశాడు. నీటిబొట్టు వేసి, చిన్న రాతి పలుకుతో రుద్ది పాలు తీసి, ఆ పాల మీద కత్తిని నడిపాడు. ఈసారి చప్పుడు లేదు. అన్న తల ఎత్తి ఆ చేతినే చూస్తున్నాడు.

తల గీయడం అయింది, మీసం మిగిలింది. పెద్దాయన అరచేతితో తల తడుముకుని, "బాపు కత్తి లెక్కనే ఉన్నది" అన్నాడు.

"మాట్లాడకు. మీసం మీదున్న" అన్నాడు మామ.

అన్ని ఏండ్ల తర్వాత ఆయన అన్నతో అన్న మొదటి మాట అదే. తన వంతు వచ్చినప్పుడు అన్న సొంత కత్తి ఎత్తుకోబోతే, మామ చెయ్యి అడ్డం పెట్టి, "దాన్ని గూడ ఇటు తే, మండుతది" అని తీసుకుని, తెల్లదాని మీద ముగించి ఇచ్చాడు. పెద్దాయన తమ్ముడి తల గీస్తుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు అవ్వను తలుచుకుని ఏడ్చారు. వాళ్లిద్దరూ ఏడవలేదు. ఆమె ఏ నున్నదనాన్ని తడమాలనుకుందో అది వాళ్ల తలల మీద ఉంది, ఆమె చెయ్యే లేదు.

అన్నాలు తిన్నాక ఎవరో అన్నారు, నిర్మల్ బొమ్మలవాళ్ల దగ్గర మంచి లక్క ఉంటది, రెండు ముక్కలు అతికించుకోరాదా అని. పెద్దాయన ఆలోచించి, "అతికినంక ఎవని ఇంట్ల వెట్టాలె?" అన్నాడు. ఎవరి ముక్క వాళ్లు గుడ్డలో చుట్టుకున్నారు.

కొన్నాళ్లకు ఇచ్చోడ బస్సు దుకాణం ముందు ఆగింది. కండక్టరు దిగి, గుడ్డలో కట్టిన కత్తులు మామ చేతిలో పెట్టాడు. కబురేమీ లేదు. కత్తులు నల్లరాయి మీద ఎత్తినవి, గరుకుగా ఉన్నాయి. మామ వాటిని ముగించి సాయంత్రం బస్సుకు పంపాడు. ఇంకో వారం ఇక్కడి మొద్దుకత్తులు అటు పోయి, అంచుతో తిరిగి వచ్చాయి. అలా మొదలైంది. వేకువనే రాయి ముందు కూర్చునే పని తప్పింది, మోచెయ్యి నొప్పి తగ్గింది. జీపులను ఆపి రాళ్లు అడగడం మానేశాడు. గోడ మీది గార్డు రాయి తలుపుకు అడ్డంగా దిగింది. డ్రైవరు రాయిని మామ భార్య వెల్లుల్లి దంచడానికి తీసుకుపోయి, "గిన్నేండ్లకు గీ గోడ నుంచి నాకొకటి దక్కింది" అంది.

వాళ్లు ఒకరి ఇంటికి ఒకరు పోవడం మాత్రం అప్పుడూ అరుదే. "పండుగకన్న అన్న దగ్గరికి పోతవా మామా?" అని అడిగితే, "ఎందుకు? మొన్ననే కత్తి వచ్చింది గద" అనేవాడు.

ఒక పొద్దున నాకు గడ్డం గీసి, ఆయన కత్తి కడుగుతున్నాడు. నేను పత్రిక విప్పాను. బస్సు వచ్చి మూట ఇచ్చి పోయింది. మామ విప్పాడు. అందులో ఒక్కటే కత్తి. మణికట్టు మీద పెడితే వెంట్రుకలు వాటంతటవే రాలాయి. వెలుతురుకు పట్టుకుని అంచు చూశాడు. పిడి సందులో సబ్బు మరక కోసం చూశాడు. లేదు.

"ఇది మొన్న నేను ముగించి పంపిందే" అన్నాడు. "గడ్డం మీద వెట్టనే లేదు."

"మరి ఎందుకు పంపినట్టు?"

"ఏమో. ఇచ్చోడల వానలకు పని లేదేమో." కత్తిని చేతిలోనే ఉంచుకుని కాసేపు బస్సు పోయిన దిక్కు చూశాడు. దాన్ని రాయి మీద పెట్టలేదు. మళ్లీ అదే గుడ్డలో పెట్టాడు. తర్వాత, నాకు గీసి అప్పుడే కడిగిన తన కత్తిని కూడా తుడిచి, దాని పక్కనే పెట్టి మూట కట్టాడు.

సాయంత్రం కండక్టరుకు ఆ మూట ఇస్తూ అన్నాడు, "మా అన్నకియ్యి. ఒకటి మంచిగనే ఉన్నదని చెప్పు. ఇంకోటి చాన మొద్దువారింది, జర ఎత్తి పంపుమను."

నేను బల్ల మీద కూర్చుని చెంప తడుముకున్నాను. చేతికి ఏమీ తగల్లేదు.